మెదడులో ఏ భాగం ఏం చేస్తుంది? విశాఖలో పేషెంట్ల ఇళ్ళవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఫిజియోథెరపిస్టుని. అటు గాజువాక, ఇటు మధురవాడ, మధ్యలో ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు, ఇలా ఇళ్ళకి వెళ్ళి పక్షవాతం వచ్చినవాళ్ళ చేత వ్యాయామాలు చేయిస్తుంటాను. నేను కాలూ చెయ్యీ వంచుతున్నంతసేపూ పక్కన నిలబడ్డవాళ్ళు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు, ఇల్లు మారినా ప్రశ్నలు మాత్రం దాదాపు అవే. రాత్రి వాట్సాప్‌లో మళ్ళీ అవే. అందుకే అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను, ఇకమీదట లింకు పంపితే సరిపోతుంది. అందరూ "దెబ్బ ఎంత పెద్దది" అని అడుగుతారు గానీ "ఎక్కడ" అని అడిగేవాళ్ళు తక్కువ. మెదడు సంగతిలో ముందు అడగాల్సింది ఎక్కడ అనే. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. మందులు మార్చడం, ఆపడం గురించి ఇందులో ఏమీ రాయలేదు, అది మీ డాక్టరుగారు చూసుకుంటారు.

## మొదట్లో వచ్చే సందేహాలు

మా పాప పుస్తకంలో ముందుమెదడు, మధ్యమెదడు, వెనకమెదడు అని ఉంది. డాక్టరుగారేమో సెరిబ్రమ్, సెరిబెల్లమ్, బ్రెయిన్‌స్టెమ్ అంటున్నారు. ఏది కరెక్ట్?

రెండూ కరెక్టే. పుస్తకంలో ఉన్నది కడుపులో బిడ్డ మెదడు తయారయ్యే వరసని బట్టి చేసిన విభజన, ఆసుపత్రిలో వాడేది పెద్దయ్యాక కనిపించే ఆకారాన్ని బట్టి చేసింది. రెండో పద్ధతిలో సెరిబ్రమ్ అంటే పెద్దమెదడు, పుర్రెలో ఎక్కువ చోటంతా దీనిదే, కుడి సగం ఎడమ సగం అని రెండుగా ఉంటుంది. సెరిబెల్లమ్ అంటే చిన్నమెదడు, తల వెనక కింది భాగంలో ఉంటుంది. బ్రెయిన్‌స్టెమ్ ఈ రెంటినీ వెన్నుపాముతో కలుపుతుంది. అన్నీ కలిపి పెద్దవాళ్ళలో బరువు సుమారు 1,300 నుంచి 1,400 గ్రాములు. ఒంటి బరువులో నూటికి రెండు వంతులే, అయినా మనం ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్ళంతా వాడే ఆక్సిజన్‌లో ఐదో వంతు ఇదే లాగేసుకుంటుంది. రక్తం కొద్ది నిమిషాలు ఆగినా మెదడు తట్టుకోలేకపోవడానికి కారణం ఇదే.

పెద్దమెదడులో నాలుగు లోబ్‌లు అంటారు కదా, ఏది ఏం చేస్తుంది?

నుదురు వెనక ఉన్నది ఫ్రాంటల్ లోబ్. కాలూ చెయ్యీ కదపాలన్న ఆజ్ఞ దీని వెనక అంచు నుంచే బయల్దేరుతుంది. రేపటికి ప్లాన్ వేసుకోవడం, నోటికి వచ్చింది అనెయ్యకుండా ఆగడం, కోపం దిగమింగడం కూడా దీని పనే. 1848లో అమెరికాలోని వెర్మాంట్‌లో రైలుమార్గం వేస్తుండగా పేలుడు జరిగి, ఫినియస్ గేజ్ అనే ఫోర్‌మన్ తలలోంచి మీటరు పైచిలుకు పొడవున్న ఇనపకడ్డీ దూసుకుపోయింది. మనిషి బతికాడు, నడిచాడు, మాట్లాడాడు, 1860 దాకా ఉన్నాడు. కానీ అంతకుముందు నెమ్మదస్తుడైన ఆ మనిషి బూతులు మాట్లాడటం, మొండికెయ్యడం, ఏ పనిమీదా నిలబడకపోవడం మొదలుపెట్టాడని అతనికి వైద్యం చేసిన డాక్టరే రాశాడు. "స్ట్రోక్ తర్వాత మా ఆయన వేరే మనిషి అయిపోయారండీ" అని ఎవరైనా ఇల్లాలు చెప్పగానే నా దృష్టి ముందు రిపోర్టులో ఈ లోబ్ మీదికే పోతుంది.

నడినెత్తి కింద, కొంచెం వెనగ్గా పెరైటల్ లోబ్. వేడీ చల్లనా, నొప్పీ, తాకిడీ తెలిసేది ఇక్కడే, కళ్ళు మూసుకున్నా మన చెయ్యి ఎక్కడుందో తెలియడం కూడా. చెవుల పక్క టెంపోరల్ లోబ్, దానిది వినడం, విన్న మాటకి అర్థం తెలియడం, జ్ఞాపకం. ఇక తల వెనక ఆక్సిపిటల్ లోబ్, చూపంతా దానిదే. కళ్ళు ముందున్నా చూసేది వెనకన్నమాట, వెల్లకిలా పడి తల వెనక దెబ్బ తగిలితే కళ్ళముందు మెరుపులు కనిపించేది అందుకే.

ఎడమవైపు మెదడుకి దెబ్బ అన్నారు, పడిపోయింది మాత్రం కుడి కాలూ చెయ్యీ. రిపోర్టు తప్పా?

తప్పు కాదు. కదలికల ఆజ్ఞలు మోసే నరాల పోగుల్లో నూటికి తొంభై దాకా బ్రెయిన్‌స్టెమ్ అడుగున, మెడ్యుల్లా అనే చోట, ఇటువి అటు అటువి ఇటు దాటిపోతాయి. పుస్తకాల్లో దాన్ని మజ్జాముఖం అంటారు. కాబట్టి ఎడమ మెదడు కుడి ఒంటిని నడుపుతుంది. చిన్నమెదడు మాత్రం దీనికి విరుద్ధం, కుడి చిన్నమెదడు దెబ్బతింటే తూలేది కుడివైపే.

చిన్నమెదడు చిన్నదే కదా, అది పోతే అంత నష్టమా?

బరువులో మొత్తం మెదడుకి పదో వంతే. కానీ మనిషి మెదడులో ఉన్న సుమారు 8,600 కోట్ల నాడీకణాల్లో నూటికి ఎనభై దాకా ఈ చిన్నమెదడులోనే ఇరుక్కుని ఉన్నాయి. ఇది దెబ్బతింటే కాలు పడిపోదు, బలం ఉంటుంది. అయినా నడక తాగినవాడి నడకలా అవుతుంది, గ్లాసు అందుకోబోతే చెయ్యి దాటిపోతుంది, మాట సాగదీసినట్టు వస్తుంది. నిజంగా తాగినవాళ్ళు తూలడానికి కూడా మందు ముందుగా పట్టేది చిన్నమెదడునే అన్నది ఒక కారణం. పాపం ఈ పేషెంట్లని వీధిలో చూసినవాళ్ళు ఏమనుకుంటారో చెప్పనక్కర్లేదు, ఒకాయనైతే ఉదయం బీచ్‌రోడ్డుకి రావడమే మానేశారు.

హైపోథాలమస్ అని ఒకటుందట, వడదెబ్బకీ దానికీ ఏమిటి సంబంధం?

మెదడు అడుగున ఉండే నాలుగు గ్రాముల ముక్క అది. ఆకలి, దాహం, నిద్రవేళ, ఒంటి వేడి అన్నీ అదే చూసుకుంటుంది, దాని కిందే వేలాడే పీయూష గ్రంథికి ఆజ్ఞలిచ్చేదీ అదే. వేడెక్కితే చెమట పట్టిస్తుంది. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది, మన విశాఖలో మేనెల ఉక్కపోతకి ఆరదు, కారిపోతుంది అంతే. థర్మామీటర్‌లో అంకె రాయలసీమ కన్నా తక్కువే చూపించినా ఇక్కడ ప్రాణం ఉసూరుమనేది ఆ తేమ వల్లే. లోపలి వేడి 40 డిగ్రీలు దాటి మనిషి తికమకగా మాట్లాడుతున్నాడంటే అది వడదెబ్బ, తడిబట్టతో ఒళ్ళు తుడుస్తూ, గాలి తగిలేలా చేస్తూ 108కి ఫోన్ చెయ్యాలి. వేడికి చిన్నమెదడులోని కొన్ని కణాలు మరీ సున్నితం, అందుకే పెద్ద వడదెబ్బ తర్వాత కొందరికి తూలు మిగిలిపోతుంది.

## స్కాన్ రిపోర్టు చేతికొచ్చాక

'ఎంసీఏ ఇన్‌ఫార్‌క్ట్' అని రాశారు. అంటే ఏటండీ?

ఇన్‌ఫార్‌క్ట్ అంటే రక్తం అందక చచ్చిపోయిన భాగం. ఎంసీఏ అనేది మెదడు పక్క భాగాలకి రక్తం తీసుకెళ్ళే పెద్ద ధమని పేరు, స్ట్రోకులు ఎక్కువగా వచ్చేది దీని దారిలోనే. దీని పరిధిలో ముఖం, చెయ్యి ఉంటాయి కాబట్టి కాలు కన్నా చెయ్యి ఎక్కువ దెబ్బతింటుంది, ఎడమవైపైతే మాట కూడా. ఏసీఏ, పీసీఏ కూడా అలాంటి ధమనులే. ఏసీఏ అని రాసి ఉంటే చెయ్యి కన్నా కాలు ఎక్కువ. పీసీఏ అయితే చూపు. ఈ మూడు అక్షరాలు చూసే నేను మొదటిరోజు వ్యాయామం ఎక్కడ మొదలుపెట్టాలో ఒక అంచనాకి వస్తాను.

మచ్చ చిన్నదేనన్నారు గదా, మరి కాలూ చెయ్యీ రెండూ పడిపోడమేటి?

ఈ ప్రశ్న అడగని ఇల్లు లేదు. రిపోర్టులో 'ఇంటర్నల్ క్యాప్సూల్' అన్న మాట ఉందేమో చూడండి. పెద్దమెదడు పైపొర నిండా పరుచుకున్న కదలికల పోగులన్నీ కిందికి దిగేటప్పుడు ఈ ఇరుకు దారిలోకి వచ్చి కలుస్తాయి. మద్దిలపాలెం జంక్షన్‌లో ఒక్క లారీ అడ్డంగా ఆగితే అటు హనుమంతవాక దాకా, ఇటు గురుద్వారా దాకా బళ్ళు నిలిచిపోతాయి కదా, అలాంటిదే. సెంటీమీటరు కూడా లేని మచ్చ ఇక్కడ పడితే ముఖం, చెయ్యి, కాలు మూడూ ఒక్కసారే పడిపోతాయి. అదే మచ్చ, ఇంకా పెద్దది కూడా, ఫ్రాంటల్ లోబ్ ముందు భాగంలో పడితే చాలామందికి పడినట్టే తెలియదు, వేరే దేనికో స్కాన్ తీస్తే "పాత మచ్చ" అని బయటపడుతుంది. కాబట్టి సెంటీమీటర్లు చూసి గుండెలు బాదుకోవద్దు, సంబరపడొద్దు కూడా. డాక్టరుగారిని "ఎక్కడండీ" అని అడగండి, "ఆ చోటు పని ఏమిటి" అని అడగండి.

బ్రెయిన్‌స్టెమ్‌లో పడ్డ చిన్న మచ్చ కూడా ఇంతే, ఒక్కోసారి ఇంతకంటే ఎక్కువ. ఊపిరి, గుండె వేగం, మింగడం, కళ్ళు తిప్పడం, మెలకువగా ఉండడం అన్నీ బొటనవేలంత ఆ కాడలోనే ఇరుక్కుని ఉన్నాయి.

మొదట తీసిన సీటీలో ఏమీ లేదన్నారు, మర్నాడు ఎమ్మారైలో స్ట్రోక్ అన్నారు. ఎవరిని నమ్మాలి?

ఇద్దర్నీ. సీటీ త్వరగా అయిపోతుంది, రక్తస్రావం ఉంటే వెంటనే చూపిస్తుంది. మొదట తెలియాల్సింది కూడా అదే, రక్తం కారుతుంటే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వకూడదు కాబట్టి. రక్తం అందక చచ్చిపోతున్న భాగం సీటీలో మొదటి గంటల్లో సరిగ్గా కనిపించకపోవచ్చు, ఎమ్మారైలో కనిపిస్తుంది. ఆ ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అందుకే ఎమ్మారై కోసం ఆగరు. మీరు గుర్తుపెట్టుకుని చెప్పాల్సింది ఒక్కటే: మనిషి మామూలుగా ఉండగా చివరిసారి ఎవరు, ఎన్ని గంటలకి చూశారు.

'ఏజ్ రిలేటెడ్ అట్రోఫీ' అని ఉంది. మావయ్యగారికి మతిమరుపు జబ్బు వచ్చేసినట్టేనా?

కాదు. వయసుతోపాటు మెదడు కొంచెం కుంచించుకుపోతుంది, డెబ్భై దాటినవాళ్ళ రిపోర్టుల్లో ఈ మాట మామూలే. జబ్బు ఉందో లేదో స్కాన్ ఒక్కటే చెప్పదు. కూరగాయలు తెచ్చి లెక్క చెప్పగలుగుతున్నారా, తెలిసిన దారి తప్పుతున్నారా అన్నది ఎక్కువ చెబుతుంది.

మూతి ఒక్కటే వంకరపోయింది, కాలూ చెయ్యీ బాగున్నాయి. ఇదీ మెదడుదేనా?

నుదురు చూడండి. కనుబొమలు పైకెత్తమంటే రెండువైపులా ముడతలు పడుతూ కింద మూతి మాత్రమే వంకరగా ఉంటే దెబ్బ మెదడులో ఉండే అవకాశం ఎక్కువ, ఎందుకంటే నుదుటికి రెండు సగాల నుంచీ ఆజ్ఞ అందుతుంది, ఒకటి పోయినా రెండోది పని నడిపిస్తుంది. నుదురూ ముడతపడక, కన్నూ మూతపడకపోతే చాలాసార్లు అది మెదడు నుంచి బయటికి వచ్చాక ముఖం నరానికి వచ్చిన వాపు. ఇది మీకు తెలియడం కోసం చెబుతున్నాను, ఇంట్లో కూర్చుని తేల్చుకోవడానికి కాదు. మూతి వంకరపోతే ఏదైనా సరే ఆరోజే ఆసుపత్రికి వెళ్ళాలి, పసరు వైద్యానికి కాదు.

## ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో

నాన్నగారికి మాట రావట్లేదు. మేం అనేది ఆయనకి అర్థమవుతోందా?

ఎక్కడ దెబ్బ తగిలిందన్నదాన్ని బట్టి. కుడిచేతి వాటం ఉన్నవాళ్ళలో నూటికి 95 మందికి భాష ఎడమ మెదడులో ఉంటుంది, అందులోనూ రెండు చోట్లు ముఖ్యం. ఒకటి బ్రోకా ప్రాంతం, ఫ్రాంటల్ లోబ్‌లో. 1861లో పాల్ బ్రోకా అనే ఫ్రెంచి డాక్టరు దగ్గర ఒక రోగి ఉండేవాడు, ఏమడిగినా "టాన్" అన్న ఒక్క ముక్కే పలికేవాడు, ఎదుటివాళ్ళు అన్నది మాత్రం చాలావరకు అర్థమయ్యేది. అతను పోయాక మెదడు చూస్తే దెబ్బ ఎడమ ఫ్రాంటల్ లోబ్‌లో కనిపించింది. రెండోది వెర్నికీ ప్రాంతం, టెంపోరల్ లోబ్‌లో, దాన్ని 1874లో జర్మనీ డాక్టరు కార్ల్ వెర్నికీ వివరించాడు. అక్కడ దెబ్బతింటే మాటలు ధారగా వస్తాయి, అర్థం ఉండదు, మనం అన్నదీ బుర్రకెక్కదు.

మొదటి రకం వాళ్ళ మంచం పక్కన నిలబడి "ఇంక ఈయనకేం తెలీదులే, పొలం కాగితాలు ఎక్కడున్నాయో" అని మాట్లాడుకునే బంధువులని చూశాను. ఆయన అన్నీ వింటూనే ఉన్నారు, కళ్ళవెంట నీళ్ళు. దయచేసి ఆ మాటలేవో వరండాలో మాట్లాడుకోండి. చిన్న ప్రశ్నలడగండి, అవును కాదుతో తేలిపోయేవి, జవాబుకి టైమివ్వండి.

అమ్మ పళ్ళెంలో కుడివైపు అన్నమే తింటోంది, ఎడమవైపు కూర్చున్న మనిషిని పట్టించుకోవట్లేదు. కన్ను పోయిందా?

కన్ను బాగానే ఉండొచ్చు. కుడి పెరైటల్ లోబ్ దెబ్బతింటే ఎడమవైపు ప్రపంచం ఒకటి ఉందన్న ధ్యాసే పోతుంది. కొందరు తమ ఎడమచెయ్యి తమది కాదంటారు. మొండితనం కాదిది, నటన అసలే కాదు. ఎడమవైపు నుంచి పలకరించడం, పళ్ళెం తిప్పి చూపించడం, మొహం అటు తిప్పేలా చెయ్యడం, ఇలా మెల్లగా అలవాటు చేస్తాం. ఆక్సిపిటల్ లోబ్ దెబ్బతిన్నవాళ్ళకి నిజంగానే ఒక పక్క చూపు ఉండదు, తేడా ఏమిటంటే కనిపించడం లేదని వాళ్ళకి తెలుస్తుంది, తల తిప్పి వెతుక్కుంటారు.

గొంతు ఎండిపోతోంది అంటున్నారు, కొబ్బరినీళ్ళు పట్టొద్దంటారేమిటి?

మింగడాన్ని నడిపే కేంద్రాలు బ్రెయిన్‌స్టెమ్‌లో ఉన్నాయి, వాటికి పైనుంచి పెద్దమెదడు ఆజ్ఞ అందాలి. స్ట్రోక్ వచ్చిన కొత్తలో చాలామందికి ఇది తప్పుతుంది, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. దగ్గు రాలేదు కదా అని ధైర్యపడొద్దు, కొందరికి దగ్గే రాదు. పల్చటి నీళ్ళే ఎక్కువ ప్రమాదం. సిబ్బంది పరీక్ష చేసి సరే అనేదాకా చెంచాడు కూడా వద్దు.

కోమా, బ్రెయిన్ డెడ్ ఒకటేనా?

కాదు. కోమాలో మెదడు బతికే ఉంటుంది, కొందరు తిరిగొస్తారు. బ్రెయిన్ డెడ్ అంటే బ్రెయిన్‌స్టెమ్‌తో సహా పనంతా శాశ్వతంగా ఆగిపోవడం. గుండె కొట్టుకునేది వెంటిలేటర్ ఆక్సిజన్ ఇస్తున్నంతకాలమే. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం కింద నలుగురు డాక్టర్ల బోర్డు కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి చెప్పాలి. చట్టం ప్రకారం అది మరణమే. మన రాష్ట్రంలో అవయవదానం జీవన్‌దాన్ అనే ప్రభుత్వ పథకం ద్వారా జరుగుతుంది, నిర్ణయం కుటుంబానిది, ఎవరూ బలవంతం చెయ్యకూడదు.

## ఇంటికొచ్చాక

చచ్చిపోయిన కణాలు మళ్ళీ పుట్టవంటారు, మరి మీ వ్యాయామాలు ఎందుకు?

పుట్టవు. కానీ పక్కనున్న బతికిన భాగాలు కొత్త దారులు వేసుకుంటాయి, ఆ దారి పడాలంటే అదే కదలిక వందలసార్లు జరగాలి. ఎక్కువ మార్పు మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో వస్తుంది, తర్వాత కూడా వస్తుంది, నెమ్మదిగా. నేను వచ్చే గంట సరిపోదు. అన్నం కలుపుకోవడం, చొక్కా బొత్తాలు పెట్టుకోవడం, ఇవన్నీ ఆ చేత్తోనే చెయ్యనివ్వాలి, ఆలస్యమవుతుందని మీరు చేసిపెట్టేస్తుంటే ఆ దారి పడదు. మన ఇళ్ళల్లో ప్రేమ ఎక్కువై చెడేది ఇక్కడే.

టీవీలో ఏదో వస్తుంటే ఊరికే బోరున ఏడ్చేస్తున్నారు, మరుక్షణం నవ్వుతున్నారు. పిచ్చి పట్టిందా?

లేదు. ఏడుపు, నవ్వు బయటికి రావడం బ్రెయిన్‌స్టెమ్ పని, ఎంతవరకు రానివ్వాలో చూసేది ఫ్రాంటల్ లోబ్. ఈ రెంటి మధ్య పోగులు తెగితే చిన్న కారణానికే, ఒక్కోసారి కారణం లేకుండానే తన్నుకొస్తుంది. లోపల అంత దుఃఖం ఉండకపోవచ్చు. దీనికి మందులున్నాయి, సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పండి. స్ట్రోక్ తర్వాత డిప్రెషన్ కూడా మామూలే, అది వేరు, రోజంతా దిగులుగా, తిండీ నిద్రా లేకుండా ఉంటే అదీ చెప్పాలి.

నలభై ఏళ్ళ కిందటి పోర్టు ఉద్యోగం కబుర్లన్నీ చెబుతారు, పొద్దున టిఫిన్ తిన్నది మర్చిపోతారు. ఎలా కుదురుతుంది?

కొత్త జ్ఞాపకాన్ని నిలిపేది హిప్పోక్యాంపస్, టెంపోరల్ లోబ్ లోపలి పక్కన ఉంటుంది. పాతవి కాలంతోపాటు పెద్దమెదడు పైపొరలో స్థిరపడిపోతాయి, కాబట్టి హిప్పోక్యాంపస్ దెబ్బతిన్నా అవి మిగులుతాయి. అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే అతనికి ఫిట్స్ తగ్గించడానికి 1953లో రెండువైపులా హిప్పోక్యాంపస్‌లో ఎక్కువ భాగం తీసేశారు. అప్పటి నుంచి 2008లో పోయేదాకా కొత్త మనిషి ఎవరూ అతనికి గుర్తులేరు. అయితే అద్దంలో చూస్తూ గీత గీయడం రోజూ చేయిస్తే చెయ్యి మాత్రం నేర్చుకుంది, తను అంతకుముందు చేసినట్టు అతనికి తెలియకపోయినా. చేతి అలవాట్లు చిన్నమెదడు, పెద్దమెదడు లోపల బేసల్ గాంగ్లియా అనే కణాల గుంపులు చూసుకుంటాయి. నా పేరు గుర్తులేని పేషెంట్లకి కూడా వ్యాయామం వంటబట్టడం ఇలాగే.

చెయ్యి వణుకుతోంది. పార్కిన్సనా?

చెయ్యి ఊరికే ఒళ్ళో పెట్టుకున్నప్పుడు వణికి, పనిచేసేటప్పుడు తగ్గితే పార్కిన్సన్ అనుమానం. మధ్యమెదడులో డోపమైన్ అనే రసాయనం తయారుచేసే నల్లటి కణాలు తగ్గిపోవడం దానికి మూలం. గ్లాసు అందుకోబోతున్నకొద్దీ వణుకు పెరిగితే చిన్నమెదడు వైపు చూడాలి. థైరాయిడ్, కంగారు, కొన్ని మందులు కూడా వణికిస్తాయి.

ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాల గుత్తి పెడితే తగ్గుతుంది కదా?

తగ్గేది తాళాల వల్ల కాదు. ఫిట్స్ అంటే పెద్దమెదడు కణాలు అదుపు తప్పి ఒక్కసారిగా విద్యుత్ సంకేతాలు పంపడం, మామూలుగా రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది, మనం తాళాలు వెతికి తెచ్చేసరికి కూడా అంతే పడుతుంది. మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచా, వేలు, నీళ్ళు ఏమీ పెట్టొద్దు. ఐదు నిమిషాలు దాటితే 108.

## పోతూపోతూ గుమ్మం దగ్గర అడిగేవి

మనం మెదడులో పది శాతమే వాడతామట కదా?

అబద్ధం. ఊరికే ఉండే భాగం ఉంటే అక్కడ దెబ్బ తగిలినా ఏమీ కాకూడదు, అలాంటి చోటు లేదు, కొన్నిచోట్ల దెబ్బ పైకి తెలియదు, అంతే. నిద్రలో కూడా మెదడంతా పనిలోనే ఉంటుంది.

మేక మెదడు వేపుడు పెడితే తొందరగా కోలుకుంటారా?

ఏ మెదడు తిన్నా కడుపులో జీర్ణమైపోతుంది, తలకెక్కదు. పైగా అందులో కొలెస్ట్రాల్ విపరీతం, స్ట్రోక్ వచ్చిన మనిషికి పెట్టే కూర కాదది. హార్బర్ నుంచి తెచ్చిన కానాగంతలు పులుసు పెట్టండి, నూనె తగ్గించి, ముల్లు జాగ్రత్తగా తీసి, మింగడం బాగుందని చెప్పాకే.

అరకు ఘాట్‌రోడ్డు మీద నాకే ఎందుకు వాంతులు, డ్రైవర్‌కి ఎందుకు రావు?

లోపలి చెవి "తిరుగుతున్నాం" అంటుంది, ఫోన్‌లోనో ముందు సీటు వీపు మీదో ఉన్న కళ్ళు "కదలట్లేదు" అంటాయి. ఈ తగువు బ్రెయిన్‌స్టెమ్, చిన్నమెదడు దాకా వెళ్ళి మెడ్యుల్లాలోని వాంతి కేంద్రాన్ని లేపుతుంది. డ్రైవర్‌కి మలుపు రాబోతోందని ముందే తెలుసు, అతని మెదడు దానికి సిద్ధంగా ఉంటుంది. ముందు సీట్లో కూర్చుని దూరంగా రోడ్డు చూడండి, ఫోన్ లోపల పెట్టెయ్యండి. డాక్టరు రాసిచ్చిన వాంతి మాత్ర ఉంటే విశాఖలో బయల్దేరేటప్పుడే వేసుకోండి, ఎస్.కోట దాటి మలుపులు మొదలయ్యాక వేసుకుంటే అది పనిచేసేలోపు మీ పని అయిపోతుంది.